పదిహేడు వంతెనల బోర్డులు

“అనుబంధం మూడు తీసెయ్యండి మేడం. మిగతా రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు చీఫ్ ఇంజనీరు.

వంతెనల తనిఖీ ఇంజనీరు రిపోర్టు తెరిచి, ఆ అనుబంధం తొమ్మిది పేజీలూ వేళ్ల మధ్య పట్టుకుంది. నూట నలభై పేజీల రిపోర్టులో ఆమె నిజంగా చెమటోడ్చింది ఆ తొమ్మిది పేజీల మీదే. మిగతాదంతా ఎవరైనా రాయగలరు. ఆ తొమ్మిది పేజీల కోసం ఎనిమిది నెలలు హైవే పొడవునా నూట పద్దెనిమిది వంతెనల కిందికి దిగింది. కొన్నిచోట్ల నిచ్చెన వేసుకుని, కొన్నిచోట్ల మోకాటి లోతు బురదలో, ఒకచోట గబ్బిలాల కంపు భరించలేక ముక్కుకి గుడ్డ కట్టుకుని. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉండేది. దానితో కొడితే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల డొల్లబారితే మద్దెల మీద కొట్టినట్టు బోలుగా మోగుతుంది. ఆఫీసులో అందరూ ఆమె వెనక ఆమెను ‘సుత్తి మేడం’ అనేవారు. చేతిలో సుత్తి ఉన్నందుకు సగం, వంతెనల గురించి మొదలుపెడితే ఎదుటివాడు ఆవలించేదాకా ఆపనందుకు సగం. ఆ సంగతి ఆమెకి తెలుసు. రెండూ నిజమే కదా అని నవ్వుకునేది.

లారీల బరువు పరిమితిని నలభై టన్నుల నుంచి నలభై తొమ్మిదికి పెంచాలని లారీ యజమానుల సంఘం రెండేళ్లుగా అడుగుతోంది. మంత్రి కూడా మొగ్గు చూపాడు. పెంచితే వంతెనలకి ఏమవుతుందో చెప్పమని ఆమెని అడిగారు. చెప్పింది. ఇప్పుడు తిరుగుతున్న పొట్టి టిప్పర్లకే అంత బరువు అనుమతిస్తే నలభై మూడు వంతెనలు తట్టుకోలేవు. పదిహేడింటిని కూలగొట్టి మళ్లీ కట్టాలి. ఇరవై ఆరింటికి దూలాల కింద బలం చేర్చాలి. మొత్తం ఎనిమిది వందల అరవై కోట్లు. లారీల వాళ్లకి ఏడాదికి మిగిలేది మాత్రం తొంభై కోట్లు. ఆ తొంభై వాళ్ల జేబులోకి, ఈ ఎనిమిది వందల అరవై జనం నెత్తిన.

“తొమ్మిది పేజీల్లో లెక్క తప్పిందా సార్?” అని అడిగింది చివరికి.

“తప్పిందని నేనన్నానా? మంత్రిగారు చదివేది ఒక్క పేజీ. అందులో ఎనిమిది వందల కోట్లు కనపడితే ఫైలు మన మొహాన కొడతారు. ‘వంతెనలపై అదనపు భారం నామమాత్రం’ అని ఒక్క ముక్క రాయండి. అందరం హాయిగా ఉంటాం.”

“చివరి పేజీ చూశారా? అదే నలభై తొమ్మిది టన్నుల్ని పొడుగాటి ట్రైలర్ మీద, ఇంకో రెండు ఇరుసులు వేసి మోయమనండి. బరువు పరుచుకుంటుంది. పదకొండు వంతెనలకి బలం చేరిస్తే సరిపోతుంది. డెబ్బై కోట్లు.”

“కొత్త ట్రైలర్లు కొనమంటే సంఘం ఒప్పుకోదు.”

“అయితే నామమాత్రం అని సంఘాన్నే రాయమనండి సార్. నేను రాయను.”

చీఫ్ ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై రెండేళ్లు ఎవరితోనూ పేచీ లేకుండా నెట్టుకొచ్చిన మనిషి. ఇంకో పద్నాలుగు నెలలు అలాగే నెట్టుకొస్తే చాలనుకుంటున్నాడు.

“మీకు మొండితనం ఎక్కువ మేడం,” అన్నాడు.

“మీ రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. వంతెన పదిహేనో నెలలో పడితే మీకేం కాదు. నాకింకా ఆరేళ్ల సర్వీసుంది సార్. దాని కింద నిలబడేది నేను.”

ఆయన ముఖం మాడిపోయింది. ఆమె లేచి వచ్చేసింది.

*

ఇంట్లో ఇంకో తలనొప్పి ఎదురుచూస్తోంది. ఆమెది కింది వాటా, అక్కా బావలది పై వాటా. బావకి పదకొండు టిప్పర్లున్నాయి. పైగా యజమానుల సంఘానికి కార్యదర్శి. పరిమితి పెంచమన్న అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే.

బావంటే ఆమెకి ఇష్టం. అక్క పెళ్లయిన కొత్తలో ఆయనకి ఉన్నది ఒకే ఒక్క లారీ. సెలవుల్లో మరదల్ని కేబిన్‌లో కూర్చోబెట్టుకుని ఊళ్లు తిప్పేవాడు. రోడ్డు మీంచి వంతెన మీదికి ఎక్కగానే చక్రాల చప్పుడు మారేది. “బావా, కింద ఏముంది?” అని ప్రతిసారీ అడిగేది. “గాలి,” అనేవాడాయన. గాలి మీద లారీ ఎలా నిలబడుతుందో తెలుసుకోవాలన్న పిచ్చే ఆమెని ఇంజనీర్ని చేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావే ఎత్తాడు.

“ఏమ్మా, నీ రిపోర్టుతో మా నోట్లో మట్టి కొడుతున్నావటగా?”

“ఎవరు చెప్పారు?”

“గోడలకి చెవులున్నాయిలే. టన్నులు నాకు తెలీనివా? నలభై ఏళ్లుగా మోస్తున్నా. ఏ వంతెనైనా కూలిందా?”

ఆమె కంచం పక్కకి జరిపి, అద్దాల బల్ల మీద మోచెయ్యి ఆనించింది.

“ఇలా మోచేతి మీద బరువంతా వేస్తే అద్దం ఏమవుతుంది?”

“ఏయ్, పగులుతుంది! మొన్నే కొన్నాం,” అంది అక్క గాభరాగా.

“ఇలా చెయ్యి మొత్తం పరిచి అంతే బరువు వేస్తే?” ముంజేయి బల్ల మీద వాల్చింది. “చెయ్యి అదే, బరువూ అదే. నీ టిప్పర్ మోచెయ్యి, బావా. పొట్టిది. బరువంతా ఒకేచోట గుచ్చుతుంది. చిన్న వంతెన మీద దాని చక్రాలన్నీ ఒకేసారి ఎక్కేస్తాయి. ట్రైలర్ అయితే సగం వంతెన మీద, సగం ఇంకా రోడ్డు మీదే ఉంటుంది.”

“కూలిందా అని అడిగా. పాఠం చెప్పమన్లేదు.”

“ఒక్కరోజులో కూలదు. ప్రతిసారీ కొంచెం కొంచెం చస్తుంది. బరువు కొద్దిగా పెరిగితే చావు చాలా పెరుగుతుంది. అరవై ఏళ్లు ఉండాల్సింది ఇరవై ఏళ్లకే పోతుంది. కొత్తది కట్టేది నువ్వా నేనా? మందులకి, పలకాబలపాలకి డబ్బులు కట్టే ప్రతివాడూ కడతాడు.”

బావ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అక్క గిన్నెలు సర్దుతూ, “ఆయన వినడు. నువ్వూ వినవు. మీ ఇద్దరి మధ్య మెట్లెక్కి దిగి నా మోకాళ్లు పోతున్నాయి,” అంది.

*

మూడు వారాల తర్వాత ఉత్తర్వు వచ్చింది. పరిమితి నలభై తొమ్మిది టన్నులు, వచ్చే వారం ఒకటో తారీఖు నుంచి. దానికి జత చేసిన సాంకేతిక నివేదికని ఆమె తన టేబుల్ దగ్గర నిలబడే చదివింది. అనుబంధం ఒకటి ఉంది. రెండు ఉంది. మూడు లేదు. ‘వంతెనలపై అదనపు భారం నామమాత్రం’ అన్న వాక్యం ఉంది. దాని కింద ఆమె పేరు, హోదా అచ్చయి ఉన్నాయి.

ఒళ్లు భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఎవరైనా చూస్తారేమోనని ఇంకా కోపం వచ్చింది. పక్క టేబుల్ ఇంజనీరు, “పోనీలే మేడం, ఇలాంటివి మామూలే,” అని ఓదార్చబోయాడు. “నా పేరుతో అబద్ధం చెప్పించడం మామూలా?” అని ఆమె అరిచిన అరుపుకి వరండాలో ఫైళ్లు మోస్తున్న బంట్రోతు ఆగిపోయాడు.

ఆ మధ్యాహ్నం రికార్డు గదిలో తలుపు వేసుకుని శాఖ నియమావళి ముందేసుకుంది. ఎక్కడ ఉందో తెలుసు, కానీ మాటలు సరిగ్గా చూసుకోవాలి. ఇరవై రెండో నియమం: వంతెనకి ప్రమాదం ఉందని తనిఖీ ఇంజనీరు భావిస్తే, దాని మీద బరువు పరిమితి బోర్డు వెంటనే పెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కింద ఇంకో వాక్యం: ఆ బోర్డు తీయాలంటే అదే స్థాయి లేదా పైస్థాయి ఇంజనీరు స్వయంగా వంతెన కింద తనిఖీ చేసి, సురక్షితమని రాసి సంతకం చెయ్యాలి.

రెండుసార్లు చదివి, మరమ్మతుల ముఠా మేస్త్రీకి ఫోన్ చేసింది.

“మేస్త్రీగారూ, బోర్డులు పదిహేడు వంతెనలకి, రెండు వైపులా. ఎన్నాళ్లు పడుతుంది?”

“ముప్పై నాలుగు బోర్డులా? ఎవరి ఆర్డరమ్మా?”

“నాదే.”

“పెయింటు ఎరుపా నలుపా?” అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. కూలగొట్టాలని ఆమె రాసిన పదిహేడు వంతెనలకీ అటూ ఇటూ బోర్డులు లేచాయి. ఇప్పటికే దెబ్బతిన్నవి కనుక పాత నలభై కంటే తక్కువే రాయించింది: కొన్నిటికి ముప్పై టన్నులు, కొన్నిటికి పాతిక. ప్రతి బోర్డుకీ ఫొటో తీసి, కారణం రాసి, సంతకం చేసి, చీఫ్ ఇంజనీరుకీ పోలీసు స్టేషన్లకీ కాపీలు పంపింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి చీఫ్ ఇంజనీరు దగ్గర్నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. ఆ సమయంలో ఆమె నిచ్చెన మీద ఉంది, ఎత్తలేదు. కింద ఉన్నా ఎత్తేది కాదు.

*

అసలు గొడవ ఏటి వంతెన దగ్గర జరిగింది.

క్వారీ నుంచి పట్నానికి వచ్చే ప్రతి టిప్పరూ ఆ వంతెనే దాటాలి. చుట్టూ తిరిగి రావాలంటే ముప్పై కిలోమీటర్లు. బోర్డు పెట్టిన మూడో ఉదయం మేస్త్రీ రొప్పుతూ ఫోన్ చేశాడు. “అమ్మా, ఒకడు బోర్డు గుద్దేసి వెళ్లిపోయాడు. నిండు బండి. బరువు తూచిన కాటా చీటీ కింద పడిపోయింది. నలభై ఏడు టన్నులు.”

ఆమె వెళ్లేసరికి ముఠావాళ్లు బోర్డు మళ్లీ పాతి, శాఖ జీపుని అడ్డంగా పెట్టారు. కార్లనీ బస్సులనీ పక్కనుంచి వదులుతున్నారు. టిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. వరసలో మొదటి మూడూ బావవే. బావ తన కారుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చుట్టూ సంఘం మనుషులు ఏడెనిమిది మంది.

“జీపు తియ్యి,” అన్నాడు బావ. అమ్మా అనలేదు.

“తియ్యను.”

“ఉత్తర్వు చూపించమంటావా? నలభై తొమ్మిది టన్నులు. మంత్రి సంతకం.”

“రూలు నేనూ చూపిస్తా. ముప్పై టన్నులు. నా సంతకం.”

సంఘం వాళ్లలో ఒకడు పగలబడి నవ్వాడు. “మంత్రి కంటే నువ్వు గొప్పా?”

“ఈ వంతెన కింద అయితే గొప్పే. మంత్రిగారు ఎప్పుడూ కిందికి దిగలేదు. నువ్వు దిగావా?” అని, బావ వైపు తిరిగింది. “బావా, నువ్వు దిగుతావా? పది నిమిషాలు. చూశాక ఏం చెయ్యాలో నీ ఇష్టం.”

అంతమంది ముందు భయపడినట్టు కనపడటం బావకి ఇష్టం లేదు. లుంగీ ఎగ్గట్టి ఆమె వెనకే గట్టు దిగాడు.

కింద చల్లగా, తడిగా ఉంది. ఏట్లో నీళ్లు సన్నగా పారుతున్నాయి. తలకి రెండడుగుల ఎత్తులో నల్లటి దూలం, దాని మధ్యలో జానెడు పొడవు పగులు. ఆ పగులుకి అటూ ఇటూ అతికించిన గడియారం లాంటి గుండ్రటి పరికరం.

“పగులు ఎంత తెరుచుకుంటే ముల్లు అంత తిరుగుతుంది,” అంది. “నిన్న సాయంత్రం సున్నాకి పెట్టా. ఇప్పుడు ఎంతుందో చదువు.”

బావ కళ్లు చిట్లించాడు. “నాలుగు.”

“పైన ఇప్పుడు బరువేమీ లేదు. సున్నా దగ్గర ఉండాలి కదా? ఒక్క బండి. నలభై ఏడు టన్నులు. అది వెళ్లిపోయాక కూడా పగులు మూసుకోలేదు.”

అంతలో పైన ఏదో బండి ఎక్కింది. దూలం సన్నగా మూలిగింది. బావ ఉలిక్కిపడి తల పైకెత్తాడు. ముల్లు వణికి పదకొండు దాకా వెళ్లి, మెల్లగా వెనక్కి వచ్చి, మళ్లీ నాలుగు దగ్గరే ఆగింది. దూలం మీంచి సిమెంటు పొడి ఆయన భుజం మీద రాలింది.

“ఏంటది?” అన్నాడు.

“బస్సు. జనంతో నిండుగా ఉన్నా పదిహేను టన్నులు దాటదు.” ఆమె సుత్తి ఆయన చేతికిచ్చింది. “ఇక్కడ కొట్టు. ఇప్పుడు అక్కడ.”

ఆయన రెండుచోట్లా కొట్టాడు. ఒకటి ఖంగుమంది, రెండోది బోలుగా మోగింది. సుత్తి తిరిగిచ్చి గట్టెక్కాడు.

పైకి వెళ్లాక ఆయన మారిపోయాడని ఆమె అనుకుంది. కాని సంఘం వాళ్లంతా ఆయన ముఖంలోకే చూస్తున్నారు. కార్యదర్శి మరదలి మాటకి తోక ముడిచాడని రేపు పదిమందీ చెప్పుకుంటారు. ఆయన ఎవరి కళ్లల్లోకీ చూడకుండా మొదటి టిప్పర్ దగ్గరికి నడిచాడు.

“జీపు పక్కకి నెట్టండి. మీసాలాయనా, బండి తీయ్,” అన్నాడు.

‘మీసాలాయన’ బావ దగ్గర పాతికేళ్లుగా బండి నడుపుతున్న డ్రైవరు. అతను స్టీరింగు మీంచి రెండు చేతులూ తీశాడు. తర్వాత ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో వెనక బండ్లవాళ్లు కూడా తలలు బయట పెట్టి చూశారు. అతను దిగి, తాళం చెవి తెచ్చి బావ అరచేతిలో పెట్టాడు.

“మీరు తోలండి అయ్యా.”

“ఏంటి?”

“ఈ వంతెన మీద కొన్నేళ్లుగా నేను ఊపిరి బిగబట్టే దాటుతున్నా. కింద ఏముందో నేను చూళ్లేదు. సీటే చెప్తుంది. మా ఇంటిదాని చెల్లెలు రోజూ ఈ బస్సులోనే వస్తుంది. నా వల్ల కాదు.”

వెనక బండి డ్రైవరు కూడా ఇంజను ఆపాడు. తర్వాత ఇంకొకడు. బావ తాళం చెవి పిడికిట్లో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె జీపు దగ్గరే నిలబడింది. మాట్లాడితే పాడవుతుందని తెలుసు.

“చుట్టూ తిప్పండి,” అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియనట్టు. తాళం చెవి మీసాలాయనకి తిరిగిచ్చేసి కారెక్కి వెళ్లిపోయాడు.

*

వారంలోపే ఆమెకి చార్జి మెమో వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వుకి విరుద్ధంగా ప్రవర్తించింది, ప్రజల్లో అనవసర భయాందోళనలు రేపింది, పై అధికారుల ఫోన్లు ఎత్తలేదు. మూడో అభియోగం మాత్రం నిజమే అని ఒప్పుకుంటూ జవాబు రాసింది. మొదటి రెండింటికి జవాబుగా అనుబంధం మూడు మొత్తం జత చేసింది. అలా ఆ తొమ్మిది పేజీలు మొదటిసారి ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాయి.

ఈలోగా బోర్డులు తీయించే ఫైలు తిరగడం మొదలుపెట్టింది. ఆమె హోదాలో ఇంజనీర్లు ఇంకో నలుగురున్నారు. మొదటివాడికి జ్వరం వచ్చింది. రెండోవాడు ఏటి వంతెన దాకా వెళ్లి, కిందికి దిగి, ఐదు నిమిషాల్లో పైకొచ్చి, ‘మరింత నిశిత పరిశీలన అవసరం’ అని రాసి ఫైలు పంపించేశాడు. మూడోవాడు సెలవు పెట్టాడు. నాలుగోవాడు పక్క టేబుల్ ఇంజనీరు. అతను ఫైలు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. “మేడం, నాకు చిన్న పిల్లలున్నారు. ఏం చెయ్యమంటారు?”

“నువ్వు చూసింది రాయి. అంతకంటే ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

అతను ఆరు వంతెనలు చూశాడు. ‘తీయుటకు వీలు లేదు’ అని రాశాడు. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

ఫైలు చీఫ్ ఇంజనీరు టేబుల్ మీదికి వచ్చి ఆగింది. ఆయన ఆమెని పిలిపించాడు.

“మేడం, ఒక్క ఏటి వంతెన బోర్డు మీరే తీసెయ్యండి. మెమో వెనక్కి తీసుకుంటాం. మిగతా పదహారూ మీ ఇష్టం.”

“రూలు మీకూ ఆ అధికారం ఇచ్చింది సార్. ఇదిగో ఫైలు. కిందికి దిగడానికి జీపు సిద్ధంగా ఉంది. చూసి సురక్షితమని రాసి సంతకం పెట్టండి. పొద్దున్నే బోర్డు పీకిస్తా.”

ఆయన పెన్ను తీశాడు. మూత విప్పాడు. ఫైలులో సంతకం చోటు కేసి చాలాసేపు చూశాడు. మూత పెట్టేశాడు.

“వెళ్లండి,” అన్నాడు.

బోర్డులు ఉండిపోయాయి. నలభై తొమ్మిది టన్నుల ఉత్తర్వు కాగితం మీద అమలులోకి వచ్చింది కానీ, ఆ బరువుతో పదిహేడు చోట్ల దాటే దారి లేదు. సంఘం వాళ్లు మంత్రి ఇంటి ముందు కూర్చున్నారు. పేపర్లవాళ్లు ఏటి వంతెన కిందికి దిగి ముల్లు ఫొటో తీసి వేశారు. మూడు నెలలకి సవరణ వచ్చింది: నలభై తొమ్మిది టన్నులు మోయాలంటే బండి నిర్ణీత పొడవు ఉండాలి, ఇన్ని ఇరుసులు ఉండాలి. పొట్టి బండ్లకి పాత పరిమితే, బోర్డున్న వంతెన దగ్గర బోర్డు మీది బరువే. సవరణ వెనక పట్టిక అక్షరం పొల్లుపోకుండా ఆమె అనుబంధంలో ఉన్నదే. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

బావ నాలుగు టిప్పర్లు అమ్మి ఒక పొడుగాటి ట్రైలర్ కొన్నాడు. ఆ రోజుల్లో మరదలితో మాట్లాడటం లేదు. మలుపుల్లో బండి తిరగట్లేదని అక్క ముందు తిట్టుకుంటుంటే, అక్క మెట్లు దిగొచ్చి, “ఎంత పొడవు కొనాలో ముందే నిన్నడిగితే పోయేది కదా అంటే, ఆయనకి రోషం,” అని చెప్పింది. అన్నం తినేసి వెళ్లమని ఈమె అంటే, అక్క “పైన ఆయన ఒక్కడే ఉన్నాడు,” అని గిన్నెలో కూర పెట్టించుకుని వెళ్లింది.

మెమో విషయం ఆరు నెలలకి తేలింది. విచారణాధికారి ఆమెని కూర్చోబెట్టి కాగితం చూపించాడు. అభియోగాలు కొట్టేస్తున్నారు, కానీ ‘భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండవలసిందిగా మందలించడమైనది’ అని ఒక వాక్యం ఉంది.

“ఇది శిక్షేం కాదు మేడం. మర్యాద కోసం. తీసుకోండి, అయిపోతుంది.”

“తప్పు చేశానని తేలిందా?”

“లేదు.”

“మరి మందలింపు దేనికి?”

ఆయన కాగితం మీద పెన్ను పెట్టాడు. ఆమె కాగితం ఆయన వైపు జరిపింది.

“తప్పుంటే శిక్ష వెయ్యండి, పైకి అప్పీలు చేసుకుంటా. లేకపోతే లేదని రాయండి. జాగ్రత్తగానే ఉన్నాను సార్. అందుకే ఇక్కడున్నాను. ఈ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టను.”

“ఇంకో ఆరు నెలలు పడుతుంది మరి.”

“పట్టనివ్వండి,” అని లేచింది.

బయటికొచ్చి జీపెక్కి, ఉత్తరం వైపు పోనిమ్మంది. బలం చేర్చాల్సిన పదకొండు వంతెనల్లో మొదటిదాని కింద పరంజా కట్టడం ఆ ఉదయమే మొదలైంది. మేస్త్రీ బోల్టులు సరిగ్గా బిగించాడో లేదో చూడాలి.